నీలం రంగు గుమ్మడికాయ

పిల్లలు వేషాలేసుకుని ఇంటింటి తలుపూ కొట్టి మిఠాయిలడిగే హాలోవీన్ సాయంత్రం వాకిట్లో దీపం ఆర్పేసి, పిల్లలచేత ఇంట్లో గదుల తలుపులే కొట్టిస్తోంది డెల్లా. ఇంతలో వీధి తలుపు చప్పుడైంది. ఎదురింటి హాస్కెల్ మామ్మగారు.

"దీపం లేని ఇంటి తలుపు కొట్టకూడదని తెలుసమ్మా. పిల్లలకి ఒంట్లో బాగాలేదన్నావుగా, ఎలా ఉంది?"

"కాస్త... జ్వరం తగ్గిందండీ."

"మీ అబ్బాయికి వేరుశనగ పడదని పోయినేడు నాకు తెలీక ఆ మిఠాయే ఇచ్చా. అందుకే ఈసారి తినేవి లేవని గుర్తుగా గుమ్మడికాయకి నీలం రంగేసి, మిఠాయిలు మానేసి బొమ్మలే పెట్టా. వాడు రాలేదని నేనే తెచ్చా."

"అయ్యో, మీకెందుకండీ శ్రమ..."

దెయ్యం వేషంలో గెంతుకుంటూ వచ్చాడు కొడుకు.

"అమ్మా! నాకు విషం పెట్టిన మామ్మ ఈవిడేనా?"

డెల్లా తలెత్తలేకపోయింది.

"నేనేరా నాన్నా. దా, నీకు నచ్చిన బొమ్మ తీసుకో. ముందు మీ అమ్మకి చూపించు."