వెనక కుడి తలుపు

హలో… ఆ, నేనే, ఎఫ్తిమీ మాస్టార్నే… ఏంటీ, కారు తలుపులు నాలుగూ బిగుసుకుపోయాయా?

ఒక్కటి కూడా కదలట్లేదా… డిక్కీ?… అదీ అంతేనా.

ఆగు. ముందు ఆ పిడి వదులు, స్మరాండా. లాగకు. లాగావంటే రబ్బరు చిరిగి చేతికొస్తుంది. ఈ ఊరొచ్చిన మొదటి చలికాలం నువ్వు చేసిన ఘనకార్యం అదే కదా. ఈనలేక పడి ఉన్న ఆవు దగ్గరికి తలుపు సందులోంచి గాలి ఈల వేస్తుంటే, ఒళ్లో దుప్పటి కప్పుకుని వెళ్లావు…

నవ్వు, నవ్వు. నవ్వితే కాస్త వేడి పుడుతుంది.

సరే. తాళం చప్పుడు అవుతోందా… టక్కుమంటోంది. అయితే తాళం మంచిదే. పట్టేసింది రబ్బరు. తలుపుకీ రబ్బరుకీ మధ్య తడి చేరితే చాలు, ఈ చలికి అదే మేకు కొట్టినట్టు పట్టుకుంటుంది.

గ్లిజరినా…

ఆ, రాశాను. ఎందుకు రాయను? రోజూ రాసేవాణ్ణే కదా. పొడి గుడ్డతో తుడవడం, రబ్బరు వెంట చుట్టూ రాయడం… నిన్న సాయంత్రమూ అంతే.

ఏమో మరి. గ్లిజరిన్ రాసినా పట్టేసిందంటే నీళ్లు బాగానే పడి ఉంటాయి.

కిందికా… వద్దామనే ఉంది. మోకాలు సహకరించట్లేదు. నిన్న నది ఒడ్డున మంచులో నిలబడ్డాను కదా, పట్టేసింది. బూట్లు కూడా తడిగా ఉన్నాయి. పొయ్యి మీద పాలు పెట్టాను… నువ్వు అక్కడుండి చెప్పు, నేను ఇక్కడుండి చెప్తాను. ముప్ఫై ఏళ్లు పిల్లలకి కుర్చీలోంచి కదలకుండానే ప్రపంచమంతా చూపించినవాణ్ణి, నీకు ఒక తలుపు తెరిపించలేనా.

తెలుసు. విన్నాను. మధ్యాహ్నానికి కొండ కనుమ దారి మూసేస్తారట. మంచు తుఫాను వస్తోందట, రేడియోలో పొద్దుటి నుంచి అదే చెప్తున్నారు.

రైలు లేదు. పొద్దున్నే పోయింది. ఇక రేపే.

అదీ తెలుసు, స్మరాండా. సాయంత్రంలోగా సముద్రం ఒడ్డున ఆ గుర్రాల ఫారంలో నువ్వు ఉండాలి. లేకపోతే పశువుల డాక్టరు ఉద్యోగం ఇంకో అమ్మాయికి ఇచ్చేస్తాడు ఆ డైరెక్టరు. వారం నుంచి అదే మాట చెప్తున్నావు, నాకు కంఠతా వచ్చేసింది.

సరే, ఇప్పుడు అరచేత్తో తలుపు అంచు వెంట కొట్టు. పిడికిలి కాదు, అరచెయ్యి. పై నుంచి కిందికి… ఇప్పుడు నడుము ఆనించి లోపలికి తొయ్యి. లాగడం కాదమ్మా, తొయ్యాలి. లోపల మంచు పలకలా ఉంటుంది, అది విరగాలి… చిటచిట మంటోందా?

లేదా.

ఊఁ.

మంచు కరిగించే స్ప్రే ఉండాలే… ఎక్కడా? డాష్‌బోర్డు అరలోనా. కారు లోపలా.

తిట్టను. ఊరంతా అక్కడే పెడుతుంది. కారు తెరిచే మందు కారులో పెట్టి తాళం వేసుకోవడం మన వాళ్లకి తరతరాల అలవాటు. నా దగ్గర ప్లమ్ సారా ఉంది, అది కూడా పనిచేస్తుంది. సందులో పోస్తే… కిటికీలోంచి దించుతానే. ఉండు, సీసా ఎక్కడో…

ఎవరు? కింది ఇంటి గావ్రిలా? వంటింటి కిటికీ తీశాడా. ఏమంటాడు పెద్దమనిషి?

కెటిల్‌తో మరిగే నీళ్లు తెస్తాడా. వద్దు. వద్దని చెప్పు. ఫోను పైకెత్తి పట్టుకో, అతనికి వినపడాలి… గావ్రిల్, నీ నీళ్లతో టీ కాచుకో. ఆ నీళ్లు పోశావంటే అద్దం పగులుతుంది, పగలకపోతే మరో గంటకి రెండింతలు గడ్డకడుతుంది. అప్పుడు ఏప్రిల్‌లో తెరవాల్సిందే… ఏమన్నాడు?… నీ మంచి కోరే చెప్తున్నానన్నాడా. పోన్లే.

ఏంటి, గొంతు తగ్గించావ్…

అతనే చేశాడంటావా.

తన కిటికీ కింద కారు పెడుతున్నావని ఎండాకాలం నుంచీ గొణుగుతున్నాడు, నిజమే. చూస్తాను నీ సంగతి అన్నాడు, అదీ నిజమే. అయినా గావ్రిల్ కోపమంతా నోటితోనే ఖర్చయిపోతుంది. చేతిదాకా రాదు…

స్మరాండా, అరవకు. అందరూ కిటికీలు తీస్తారు…

ఆ మాట అనకు. పోలీసులు ఎందుకమ్మా. స్మరాండా, విను. నేను చెప్తున్నాను, అతను కాదు.

ఎలా చెప్పగలనా…

తెలిసిన మనిషి కాబట్టి. అంతే.

ఏమంటున్నాడు? అతని గొంతు వినపడుతోంది గానీ మాటలు తెలియట్లేదు… నిన్నంతా వీపు నొప్పితో మంచం దిగలేదా? తల్లి సమాధి మీద ఒట్టేస్తున్నాడా… ఇంకా?

ఇంకా ఏమన్నాడు, చెప్పు.

‘నువ్వు పోతే నా చోటు నాకొస్తుంది. నిన్ను ఇక్కడ ఆపుకుని నేనేం చేసుకోను’ అన్నాడా.

…



మాటలో నిజం ఉంది. అవును. నువ్వు పోవాలనుకునేవాడు నిన్ను ఆపడుగా.

కిటికీ వేసేశాడా. ఏడుస్తున్నాడా? గావ్రిలా? అయ్యో… నీ తప్పు కాదు. నీ తప్పేం లేదు, నువ్వు కంగారులో ఉన్నావు. నేను మాట్లాడతాను అతనితో. ఆ బాధ్యత నాది.

ఆ చప్పుడా… రేడియోలే. డాన్యూబ్ నది నీటిమట్టాలు చదువుతున్నారు. ఏ రేవు దగ్గర ఎంత ఎత్తో, ఎంత తగ్గిందో. నాకెందుకా? నా దగ్గర పడవేమన్నా ఉందా… మనిషి గొంతు కదా. రోజూ అదే వేళకి వస్తుంది. నువ్వు ఫోను చేసినప్పుడు తగ్గించడం మర్చిపోయాను.

తగ్గించాను. చెప్పు.

ఏం కనపడింది?

ఆకా. మంచులోనా… ఎక్కడ, డ్రైవరు తలుపు అంచులోనా. పచ్చగానే ఉందా.

…గోటితో గీకు. నలిపి వాసన చూడు.

తెలుసు. తెలుసులే, చెప్పక్కర్లేదు. సబ్జా ఆకు.

అవును, నిన్నటి పండగదే. ఫాదర్ నది మీద మంచు పగలగొట్టి, శిలువ ముంచి, సబ్జా రెమ్మలతో తీర్థం చల్లాడు కదా. ఆ రెమ్మ ఆకులు బిందెలోకి రాలతాయి, బిందెలోంచి మన సీసాల్లోకి వస్తాయి. ఏటా అంతే. అందరూ ఇంటికి తెచ్చుకుని గుమ్మం మీద, పశువుల మీద చల్లుకుంటారు. కార్ల మీద కూడా.

ఎవరెవరొచ్చారా… సగం ఊరు వచ్చింది. ఎవరని చెప్పను.

ఊఁ… చల్లడమంటే నాలుగు చుక్కలే. నువ్వన్నది నిజమే. ఇది చల్లినట్టు లేదు. ఎవరో కూర్చుని పోసినట్టుంది.

స్మరాండా?

ఏం చేస్తున్నావ్… సూట్‌కేసు మీద కూర్చున్నావా. లే. కింద నుంచి చలి లాగేస్తుంది. చేతి తొడుగులున్నాయా? ఒకటి ఎక్కడ పడేశావ్…

ఏడవకు. కన్నీళ్లు చెంపల మీద గడ్డకడతాయి. నవ్వులాటకి అనట్లేదు.

ఏమన్నావ్?

మళ్లీ చెప్పు.

…దేవుడే వద్దంటున్నాడేమో, అనా. తీర్థమే దారికి అడ్డం పడితే ఇంకేం పోతానంటున్నావా.

డైరెక్టరుకి ఫోను చేసి రాననేస్తావా.

…

ఉండిపోతావా.

పెట్టె పైకి మోసుకొస్తావు. చలి తగ్గాక ఆ ఆవుల దొడ్లే, ఆ బురద దారులే. సాయంత్రం నేను కిందికి దిగి నీ కారు రబ్బర్లు తుడుస్తాను. తర్వాత తలుపు తట్టి, అయిపోయిందమ్మా అని చెప్తాను. నువ్వు లోపలికి పిలిచి, ఆ రోజు ఏ దూడ వెనక కాళ్లు ముందుకొచ్చాయో, ఏ రైతు నీకు జున్ను ఇచ్చాడో చెప్తావు. అదే కదా.

అంతే కదా, ఉండడమంటే…

బాగుంటుంది. బాగుండదని నేనెందుకంటాను.

…



స్మరాండా, ఆ డైరెక్టరుకి ఫోను చెయ్యకు. చెయ్యకు అంటున్నాను. నువ్వు చిన్నప్పటి నుంచి గుర్రాలంటే ప్రాణం పెట్టిన దానివి. ఈ ఉద్యోగం వచ్చిన రోజు మెట్లమీద నుంచే అరిచావు. పైన నాకు గుండె ఆగినంత పనైంది.

దేవుడు వద్దనట్లేదు. ఇందులో దేవుడికి ఏ సంబంధమూ లేదు.

నాకు తెలుసు.

లే. లేచి కారు చుట్టూ గోడ వైపుకి వెళ్లు. ఇరుకే, పక్కకి తిరిగి దూరు… వెనక కుడి తలుపు. దాన్ని ఒక్కసారి లాగి వదిలేసి ఉంటావు, గోడ తగులుతోందని.

నేను చెప్పింది చెయ్యి. తర్వాత అడుగు.

అరచేత్తో కొట్టు. పైన మూల దగ్గర, అక్కడ రెండు మూడు దెబ్బలు. కింద అక్కర్లేదు, కింద ఏమీ లేదు… ఇప్పుడు భుజం ఆనించి తొయ్యి. గట్టిగా.

ఇంకోసారి.

ఆ. విన్నాను. విరిగింది. ఇప్పుడు లాగు… మెల్లగా, మెల్లగా, రబ్బరు కూడా వస్తోందేమో చూసుకో…

వచ్చిందా.

వచ్చింది. సరే… సరే.

సీట్ల మధ్య నుంచి ముందుకి పాకు. ఇంజను స్టార్టు చెయ్యి. వేడి గాలి పూర్తిగా తిప్పు, అద్దాలు మాత్రం దించకు, దించితే వాటి రబ్బర్లూ పోతాయి. లోపల వెచ్చబడ్డాక మిగతా తలుపులు ఒక్కొక్కటే వదులుతాయి. మంచు పెచ్చులు తీసేసి, రబ్బర్లన్నీ పొడిగుడ్డతో తుడిచి మరీ బయల్దేరు. దారిలో టీకి ఆగావంటే మళ్లీ పట్టేస్తాయి. మధ్యాహ్నంలోగా కనుమ దాటేస్తావు. దాటాక మైదానమే, చలి సగానికి తగ్గుతుంది.

ఇంజను వినపడుతోంది. బాగుంది చప్పుడు.

ఏంటి?

ఆ తలుపొక్కటే వస్తుందని ఎలా తెలుసు అంటున్నావా.

…అడుగుతావనే అనుకున్నాను.

గావ్రిల్ కాదు. అతని దగ్గరికి నేనే వెళ్లి చెప్తాను, మోకాలికేం కాలేదు. బూట్లూ పొడిగానే ఉన్నాయి.

మాట్లాడకు. మధ్యలో మాట్లాడావంటే చెప్పలేను.

నేనే పోశాను, స్మరాండా. నిన్న సాయంత్రం నది నుంచి పెద్ద సీసా నిండా తెచ్చుకుని తిన్నగా నీ కారు దగ్గరికే వచ్చాను. చల్లుదామనే వచ్చాను, అది అబద్ధం కాదు. కనుమలో నీకేమీ కాకూడదని ముందు అద్దం మీద చుక్కలు చల్లి ప్రార్థన కూడా చదివాను. తర్వాత నువ్విచ్చిన తాళంచెవితో డ్రైవరు తలుపు తెరిచి, ఎప్పట్లా గుడ్డ తీశాను. గ్లిజరిన్ రాయడానికి కాదు, ముందు రోజు రాసింది తుడిచెయ్యడానికి. శుభ్రంగా తుడిచాను. రబ్బరు వెంట పై నుంచి కిందికి వంపాను. మూసి, పక్క తలుపు తెరిచాను, ఆ తర్వాత డిక్కీ కూడా. ఏం జరుగుతుందో ఈ ఊళ్లో నాకంటే బాగా ఎవరికి తెలుసు? కళ్లు తెరుచుకునే చేశాను. నీ మీద కోపం లేదు, ఆ గుర్రాల మీదా లేదు. రేపటి నుంచి సాయంత్రం పూట నేను మెట్లు దిగడానికి పని ఉండదు, అంతే. ఒక్క రోజు ఆగితే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుందని నువ్వే చెప్పావు, అది గుర్తుంచుకునే పోశాను. నాలుగో తలుపుని వదిలెయ్యాలని వదల్లేదు, దయ తలచి వదల్లేదు. దాని పై మూల దగ్గరే సీసా అయిపోయింది.