గట్టు మీద తుమ్మిపూలు

తుమ్మికూర పప్పు ఏదీ అంటావా? దొడ్లో గొయ్యి తీసి పూడ్చేశానే సుజాతా, గిన్నెతో సహా. నవ్వకు, ఒళ్ళు మండిపోతోంది నాకు. మెల్లగా మాట్లాడు, చిట్టి లోపల పడుకుంది.

చవితి కదాని పొద్దున్నే నేనూ మనవరాలూ కాలవగట్టుకి వెళ్ళాం. వినాయకుడికి పూలు, మనకి కూర. ఆ గట్టు ఎవడి సొత్తూ కాదు కదా, అందరి గొడ్లూ మేసేదే. మా చిన్నప్పుడు శ్రీకాకుళంలో, అదే మా పుట్టింటి ఊళ్ళో, బీడంతా తెల్లగా తుమ్మిపూలే. మా అక్కా నేనూ గేదెల్ని వదిలేసి పూలు పీకి తేనె పీల్చుకునేవాళ్ళం. చప్పరించే బిళ్ళలు కొనుక్కోటానికి అయిదు పైసలు ఎవరిచ్చారు మాకు? చిట్టికీ నేర్పాను. గుప్పెడు పూలు పీల్చింది, పిచ్చిది.

ఇంటికొచ్చి పప్పు ఉడకేశా. ఇంతలో మా మరిది కొడుకు, ఆ శీనుగాడు వచ్చాడు. పళ్ళెంలో పూలు చూసి, "ఎక్కడివి పెద్దమ్మా?" అన్నాడు. గట్టు మీదివిరా అన్నా. మొహం పాలిపోయింది వాడికి. పాములు తిరుగుతున్నాయని నిన్న గట్టంతా గడ్డిమందు కొట్టించాట్ట! కొట్టిన మర్నాడు కూడా ఆకు పచ్చగానే ఉంటుందమ్మా, మనకెట్టా తెలుస్తుంది చెప్పు?

చిట్టిని ఆటోలో వేసుకుని పామర్రు పరిగెత్తాం. దార్లో వాంతి చేసుకుంది. నా ప్రాణం నాలో లేదనుకో. డాక్టరు చూసి, భయం లేదు, రాత్రికి కనిపెట్టుకుని ఉండండి అన్నాడు.

తిరిగొచ్చి తిన్నగా శీనుగాడి గుమ్మంలోకే వెళ్ళా. "పండగ హడావుడిలో చెప్పటం మర్చిపోయా పెద్దమ్మా" అని తల వంచుకున్నాడు. సరే, మనవాడేగా, మెత్తబడేదాన్నే. ఇటు చూస్తే పాకలో వాడి గేదె! రోజూ గట్టు మీద మేసే గేదె కట్టుకొయ్యన ఉంది, ముందు మోపెడు గడ్డి. ఇదేంట్రా అన్నా. "మందు కొట్టాక గొడ్లని వదలొద్దన్నారు, నిన్ననే కట్టేశా" అన్నాడు. విన్నావా? గేదె గుర్తుందే వాడికి! ఊళ్ళో పిల్లలు గుర్తులేరు.

అదిగో, లేచినట్టుంది... వస్తున్నానే చిట్టీ. ఈ ఉండ్రాళ్ళు తీసుకెళ్ళు తల్లీ, నూరేళ్ళు చల్లగా ఉండు. వాడింటి ముందు నించే వెళ్తావుగా, పలకరిస్తే పలక్కు.