మునసబుకి కత్తి వద్దండి

ఎడం కాలికా, కుడి కాలికా అంటే ఏం చెప్పనండీ జావీదు గారూ. మా పుంజుకి ఏ కాలికీ కత్తి కట్టలేదు. తొమ్మిదేళ్ళు బతికాడండి మునసబు. ఒక్క పందెం ఆడలేదు.

ఆ, చూశానండి. మీరు పంపిన బొమ్మ మా మనవరాలు సలోమి ఫోన్లో పెద్దది చేసి చూపించింది. మీ చెయ్యి మంచిదండి, కాదనను. కానీ మీద పడి పొడిచేసేలా ఉన్న ఆ పుంజెవరండీ? ఎవరింటి పుంజో వచ్చి మా ఇంట్లో దూరినట్టుంది.

మా తమ్ముడు రూబెన్ చెప్పాడా? అనుకున్నాను. ఏలూరెళ్ళి మీ కొట్లో కూర్చున్నాడన్నప్పుడే అనుకున్నానండి. మూడు పందేలు గెలిచిందని కూడా చెప్పాడా?

నాలుగా? పోయిన నెల దాకా మూడేనండి. చచ్చిపోయాక ఇంకోటి గెలిచినట్టుంది.

వాడి మాట వినకండి. పెంచింది నేను, బొమ్మ వేయిస్తున్నది నేను.

గుడ్లు తెచ్చింది మాత్రం వాడేనండి, ఆ మాట ఒప్పుకోవాలి. పందెం జాతి గుడ్లు. మా పెట్ట కింద పెడితే ఐదు పిల్లలు లేచాయి. నాలుగు గద్ద పాలు. మిగిలినోడు వీడు. నల్లటి ఒళ్ళు, రెక్కల మీద ఎరుపు. మీరేమో ఒళ్ళంతా ఎరుపే పూసేశారు.

కొల్లేటికోటలో నా పనేంటంటే, చేపల చెరువు మీద వాలే కొంగల్ని తోలడమండి. రేకు డబ్బా వాయించుకుంటా పొద్దస్తమానం గట్టు చుట్టూ తిరగాలి. వీడు నా వెనకాల నడిచేవాడు. ఎలా నడిచేవాడనుకున్నారు? శిస్తు వసూలుకొచ్చిన పెద్దమనిషిలాగా, అడుగు తీసి అడుగు వేసి. అందుకే మునసబన్నాం. కొంగ మీదకి ఉరికేవాడండి. ఆ కొంగ మెడ తిప్పి చూసిందా, మళ్ళీ నా చీర చాటుకే. అలాంటోడికి కత్తేంటండీ?

చర్చికి కూడా వచ్చేవాడు. ఓసారి పాస్టరు గారు పేతురు సంగతి చెబుతున్నారు, ఆయన ప్రభువుని ఎరగనని బొంకడం, కోడి కూయడం. సరిగ్గా ఆ ముక్క దగ్గర గుమ్మంలోంచి కూశాడండి. పాస్టరు గారే ఆపుకోలేకపోయారు.

ఏంటండీ? పందెం జాతి పుంజుని పందేనికి తీసుకెళ్ళకుండా ఎవరుంటారంటారా? రూబెన్ తీసుకెళ్ళాడండి. ఒక్కసారే.

ఉండండి. సలోమీ, నువ్వెళ్ళి బిందె నింపు తల్లీ. వెళ్ళు, ఫోన్ నేను పట్టుకుంటాలే.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదండి. పందేనికెళ్ళే పుంజుకి ఆ పూట కడుపు నిండా పెట్టరు. రూబెన్ ముందు రోజే వచ్చి మరీ మరీ చెప్పెళ్ళాడు. నేను సరేనన్నాను. తెల్లారగట్ల లేచి చద్దన్నంలో పెరుగు కలిపి, ఎండురొయ్యలు నలిపి పెట్టానండి. తిన్నాడు. ఇంకాస్త పెట్టాను. అదీ తిన్నాడు. మెడ కింద సంచి నిమ్మకాయంత ఉబ్బింది. పైన శాలువా కప్పి రూబెన్ చేతికిచ్చాను.

బరి దగ్గర ముందు రెండు పుంజుల్నీ ఎదురెదురుగా పట్టుకుని రెచ్చగొడతారు కదండీ. అవతలిది ఈకలు నిక్కబొడుచుకుని ఎగురుతుంటే, వీడు రూబెన్ చేతుల్లో కునుకు తీశాడంట. కింద దింపితే ముడుచుకుని కూర్చున్నాడంట. అక్కడెవడో, రూబెనూ, ఇంకో ఇరవయ్యొక్క రోజులు ఓపిక పట్టు, పిల్లల్ని లేపుద్ది అన్నాడంట.

ఏడాది మాటాడలేదండి నాతో. అన్నం పెట్టానని కాదు, అది ఇప్పటికీ తెలీదు వాడికి. వాడు ఆ ఇరవయ్యొక్క రోజుల మాట చెబుతుంటే నేను నవ్వానని.

మీరు కూడా నవ్వుతున్నారు. నవ్వండి, పర్లేదు. వాడికి మాత్రం చెప్పకండి. నాలుగు గెలిచిందన్నాడుగా, ఊళ్ళో అలాగే చెప్పుకోనివ్వండి. బొమ్మలో మాత్రం వద్దు.

ఎందుకంత పట్టుదలంటారా? మునసబు ఫోటో ఒక్కటి లేదండి నా దగ్గర. ఫోన్ ఎత్తితే పారిపోయేవాడు, సలోమి తీసినవన్నీ తోకలే. ఇప్పటికే కళ్ళు మూసుకుంటే నడక కనపడుతుంది గానీ మొహం సరిగ్గా ఆనట్లేదు. ఇంకో ఏడాది పోయిందనుకోండి, గోడ మీద మీరు గీసినోడే మా మునసబు అనుకుంటాను. ఆ కత్తోణ్ణి చూసి ఏడవాలి నేను. అదండీ నా భయం.

మరెలా గియ్యాలంటే, ఒళ్ళో గియ్యండి. నా ఒళ్ళో.

నా మొహం వద్దండి బాబూ. బతికున్నదాన్ని పటం కట్టి గోడకెక్కిస్తే, ఎవరో ఒకరు దండేసి దణ్ణం పెట్టేస్తారు. ఒడి చాలు. పచ్చ చీర, మోకాళ్ళ దాకా. వాడు రెక్కలు దగ్గరికి లాక్కుని, మెడ కాస్త పక్కకి వాల్చి.

అవునండి, చూసే చెబుతున్నాను. ఆఖరి సాయంత్రం అలాగే కూర్చున్నాడు. రోజూ చీకటి పడేసరికి వాడంతట వాడే గంప దగ్గరికి పోయేవాడు, ఆ పూట పోనన్నాడు. నాకేమో పొయ్యి మీద పులుసు పొంగిపోతోంది. వాణ్ణి ఒళ్ళోంచి దింపేసి, పైన గంప బోర్లించేసి, పిల్లి భయానికి పైన రాయి పెట్టాను. లోపల్నించి కాసేపు పొడిచాడండి గంపని. పడుకోరా అని విసుక్కున్నాను కూడా.

తెల్లారి గంప ఎత్తేసరికి ప్రాణం లేదండి మునసబుకి.