డ్రమ్స్ పక్కన ఖాళీ

ఆ పేరు తీసేసింది తనేనని ఆమె ఈ పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా పైకి అనలేదు. అద్దంలో తన మొహంతో కూడా అనలేదు. అలాంటిది, ఈ శనివారం మధ్యాహ్నం పాత రికార్డుల షాపులో అట్ట ప్రూఫు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, ఎదురు స్టూలు మీద మైకులు అద్దెకిచ్చే మైక్‌సెట్ బాబాయ్ ఆ పేరు ఉండాల్సిన చోటికి మెల్లగా జరుగుతున్నాడు.

ప్రూఫు 'లిఫ్ట్ పనిచేయదు' అనే ఆల్బంది. ఒకే ఒక్క ఆల్బం చేసి నెల తిరక్కుండా విడిపోయిన బ్యాండు. రెండొందల సీడీలు వేస్తే సగం అట్టపెట్టెల్లోనే మగ్గాయి. అయినా ఆల్టర్నేటివ్ రాక్ పిచ్చోళ్ళు ఒకళ్ళకొకళ్ళు కాపీ చేసిచ్చుకుని దాన్ని చావనివ్వలేదు. ఇప్పుడు షాపాయన దాన్ని పెద్ద రికార్డుగా మళ్ళీ వేయిస్తున్నాడు. అట్ట పని ఆమెది. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ప్రింటింగ్ ప్రెస్సులో ఓ మూల పడున్న కంప్యూటర్‌తో కుస్తీ పట్టి తనంతట తనే నేర్చుకుంది. ఐదింటికల్లా అట్ట ప్రెస్సుకి వెళ్ళాలి. పాడింది, గిటార్, బేస్, అన్ని పేర్లూ ఉన్నాయి. 'డ్రమ్స్' పక్కన ఖాళీ. పాడినాయన్ని అడిగితే, "వాయించినవాళ్ళకి పేరు వేయించుకోవడం ఇష్టం లేదు, వదిలెయ్యండి" అన్నాడట.

వాయించింది ఆమె అక్క. అప్పటి సీడీ అట్ట మీద పేర్లు చేత్తో రాసింది పద్దెనిమిదేళ్ళ చెల్లెలు. రికార్డింగు రోజు అక్క నలుగుర్లో కసిరిందన్న ఉక్రోషంతో ఆ ఒక్క పేరూ ఎగరగొట్టింది. బ్యాండు వాళ్ళతో "అక్కే వద్దంది" అంది. అట్ట చూసిన అక్క "వాళ్ళే తీసెయ్యమన్నారా?" అని అడిగితే తల ఊపింది. ఆ ఊపుతో అక్క వాళ్ళ మొహం చూడ్డం మానేసింది, డ్రమ్స్ అమ్మేసింది, ఊరొదిలి అద్దాల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వెళ్ళిపోయింది.

"కొత్తగా వినేవాళ్ళకి ఐదో పాట ఇవ్వకూడదండీ," అంటున్నాడు షాపుకి రోజూ వచ్చే పళ్ళ డాక్టరు. "నేను క్లినిక్‌లో మూడోది పెడతాను. నా డ్రిల్లు చప్పుడు కూడా పాటలో భాగమే అనుకుంటారు."

"నీ పుణ్యాన జనానికి రాక్ అంటేనే పన్ను లాగుతోంది," అన్నాడు షాపాయన. "మొదటి పాట నుంచి వరసగా వినాలి. అది ఒంటబడితే అప్పుడు 'ఉప్పు గది' బ్యాండు వాళ్ళ రెండో ఆల్బం."

"రెండోదా! అప్పటికే వాళ్ళకి కీబోర్డూ వచ్చింది, పొగరూ వచ్చింది. మొదటిది వినమనండి, ఇంకా పచ్చిగా ఉంటుంది."

"మీరు విన్నారు. నేను అక్కడున్నాను," అన్నాడు మైక్‌సెట్ బాబాయ్.

అంతే, ఇద్దరూ అటు తిరిగారు. ఆమె మాత్రం ప్రూఫు వైపే చూస్తోంది.

"అబద్ధమాడితే నాకేం ఒరుగుతుంది? ఆ రోజు నేనిచ్చింది రెండు మైకులు, ఒక వైరు, అంతే. మూతపడ్డ పరుపుల గోదాం, మూడో అంతస్తు, నాలుగు గోడలకీ పరుపులు నిలబెట్టి లోపల వాయించుకుంటున్నారు, పిల్లలు, పాపం. ఇచ్చేసి వెళ్ళిపోదామనుకున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? డ్రమ్స్ వాయించేవాడికి మణికట్టు బెణికింది. వాడు నేల మీద కూలబడి ఏడుపు."

వాడు. అక్క పేరే కాదు, అక్కే లేకుండా పోయింది. ఆమె చేతిలో కాగితం అంచు నలిగింది.

"అందరూ నా మొహం చూశారు. 'బాబాయ్, ఇంక నువ్వే దిక్కు' అన్నారు. నాకు డ్రమ్స్ రావని చెప్పాను, అయినా కూర్చోబెట్టారు. కూర్చుని ఒక్క దెబ్బ వేశాను చూడు, పరుపుల కుట్లు పిగిలి దూది లేచింది, గదంతా తెల్లగా, గిటారబ్బాయి ఎక్కడున్నాడో కనపళ్ళేదు, వాయిద్యం వినపడ్డ వైపు తిరిగి తలూపేవాణ్ణి. రెండో పాటకి కింద వీధిలో ఆగిన గడియారాలన్నీ నడిచాయి. మూడో పాటకి..."

"నడిచే గడియారాలు ఆగాయా?" అన్నాడు డాక్టరు.

"మధ్యలో అడ్డు రాకయ్యా! ఎదురుగా ఆసుపత్రి. గుండె జబ్బుల వార్డు. నలభై మంచాలు. నా దెబ్బ చెవిన పడగానే నలభై గుండెలూ ఒకే లయలో కొట్టుకోవడం మొదలెట్టాయి! పెద్ద డాక్టరు మూడంతస్తులు రొప్పుకుంటూ ఎక్కొచ్చాడు, లిఫ్ట్ పనిచేయదుగా, ఆల్బంకి ఆ పేరొచ్చిందే ఆయన తిట్టిన తిట్టు నుంచి. వచ్చి నా కాళ్ళు పట్టుకున్నాడు. 'బాబూ, ఆపకు, నువ్వాపితే నలభై ప్రాణాలు' అన్నాడు. ఆపితే ఒట్టు! ఎనిమిది పాటలు, రెప్పపాటు కూడా ఆపలేదు. కుడిచేత్తో వాయిస్తూ ఎడంచేత్తో టీ తాగాను. పేరెందుకు వద్దన్నానంటారా? ప్రాణాలు కాపాడినవాడు పేరు చూసుకుంటాడా? పదకొండేళ్ళయింది, ఇప్పుడైతే వేసుకోవచ్చేమో."

డాక్టరు కళ్ళజోడు తుడుచుకుంటూ నెమ్మదిగా అడిగాడు. "బాబాయ్, ఐదో పాటలో పదకొండు సెకన్లు డ్రమ్స్ ఉండవు కదా?"

"ఉండకపోతే?"

"మరి ఆ నలభై మందీ?"

షాపాయన పగలబడి నవ్వాడు. బాబాయ్ క్షణం తడబడి, అంతలోనే ఛాతీ మీద చెయ్యేసుకున్నాడు. "ఆ పదకొండు సెకన్లూ నా గుండెతో నడిపించాను! చెవి పెట్టి వింటే మీకూ తెలుస్తుంది."

నవ్వుతూనే షాపాయన కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ నిశ్శబ్దం మీద నేను అట్ట వెనక పేరా రాశాను తెలుసా? నగరమంతా ఊపిరి బిగబట్టిన క్షణం అని. సరే, కోతల సంగతి ఎలా ఉన్నా ఆయన అక్కడున్నాడు, ఇంకెవరూ ముందుకి రాలేదు. టైమవుతోంది. ఆ ఖాళీలో బాబాయ్ పేరు ఎక్కించెయ్యమ్మా."

ఎక్కించేస్తే అయిపోతుంది. ఆ చోట ఎవరో ఒకరి పేరుంటే ఇక ఈ జన్మలో ఎవరూ అడగరు. ఆమె కలం మూత తీసింది. బాబాయ్ తన పేరు అక్షరం అక్షరం చెప్పబోయాడు.

"ఆ పదకొండు సెకన్లకి ముందు తలుపు తోసింది నేను," అంది ఆమె.

ఆ గొంతు తనదేనా అనిపించింది. ముగ్గురూ ఆమె వైపు చూశారు.

"తలుపు వెనక పరుపు ఆనించి ఉంది. తొయ్యగానే అది వెళ్ళి డ్రమ్స్ మీద పడింది. మా అక్క దాన్ని మోచేత్తో నెడుతూ, మిగతావాళ్ళకి ఆపొద్దని కళ్ళతోనే చెప్పి, ఎక్కడ ఆగిందో లెక్క తప్పకుండా మళ్ళీ అందుకుంది. వాయించింది మా అక్క."

"ఆగు," అన్నాడు డాక్టరు. "ఆ ఖాళీకి ముందు 'ధప్'మంటుందే, మేం నాలుగేళ్ళు వాదించుకున్నాం, అది బేసా, డ్రమ్మా అని..."

"పరుపు."

షాపాయన తన పేరా ఉన్న వైపుకి ప్రూఫు తిప్పి, చదువుకుని, మళ్ళీ బోర్లించాడు.

బాబాయ్ స్టూలు మీద చిన్నగా అయిపోయాడు. "రెండు మైకులు మాత్రం నిజం," అన్నాడు.

"నిజమే బాబాయ్. పదింటికి గుమ్మంలో ఇచ్చి దిగిపోయారు. తీసుకున్నది నేనే."

"మరి మీ అక్క పేరెందుకు వద్దందమ్మా?" అన్నాడు షాపాయన. "ఇంత వాయించి?"

ఇక్కడ ఆగిపోవచ్చు. అక్క సిగ్గరి అనొచ్చు, ఇంకో ముక్క అతికించొచ్చు. పదకొండేళ్ళుగా అతికిస్తూనే ఉంది కదా. ఎదురుగా బాబాయ్, దొరికిపోయిన మొహంతో, నేల చూస్తున్నాడు. ఆయన అబద్ధానికి షాపులో నవ్వులు మిగిలాయి. తన అబద్ధానికి ఒక మనిషి వాయించడం మానేసింది.

"అక్క వద్దనలేదు. నేనే తీసేశాను. వాళ్ళే తీయించారని అక్కకి చెప్పాను."

బయట ఎవరో షట్టరు లాగుతున్నారు. నాలుగున్నర కావస్తోంది.

"పోనీలే, ఇప్పుడు వేసెయ్," అన్నాడు డాక్టరు, వీలైనంత మెల్లగా. "రికార్డు చేతికొచ్చాక చూసి సంతోషిస్తారు."

అది బాగానే ఉంటుంది. కానీ అప్పుడు అక్కకి చెప్పకుండా తీసింది, ఇప్పుడు అక్కకి చెప్పకుండానే వేసినట్టవుతుంది.

"అడిగి వేస్తాను," అంది.

అక్కా తనూ ప్రతి ఆదివారం మాట్లాడుకుంటారు. అమ్మ మోకాళ్ళు, గ్యాసు బండ, అద్దింటి నీళ్ళ గొడవ. ఇవాళ ఆదివారం కాదు. ఫ్యాక్టరీలో ఇది టీ టైము. వేళ కాని వేళ ఫోన్ మోగితే అక్క ఎత్తగానే "అమ్మకేమైంది?" అంటుంది. అమ్మకేం కాలేదక్కా, అనాలి ముందు. ఆ తర్వాత మాట ఏమిటో ఆమెకి తెలుసు, దాన్ని ఏ గొంతుతో అనాలో తెలీదు. రేపటిదాకా ఆగితే మళ్ళీ మోకాళ్ళే మాట్లాడుకుంటారు.

ఇప్పుడే చెయ్యాలి అనుకుంది. ప్రూఫు బల్ల మీద పెట్టి, ఫోన్ పట్టుకుని లేచింది.