నా ముందు పరిగెత్తిన మా బావ

రా టెస్సా, ఆ కుర్చీలో పిల్లి ఉంటే దించేసి కూర్చో. మీ తాత గురించా? మీ నాన్న ఏం చెప్పాడు? ఏమీ చెప్పలేదా. ఊఁ, చెప్పడులే. ఎమిల్ హ్లావటీ. హ్లావటీ అంటే మా పెద్దవాళ్ల స్లోవాక్ భాషలో పెద్ద తలకాయవాడని. నిజంగానే పెద్ద తల తల్లీ, టీమ్ దగ్గరున్న హెల్మెట్లేవీ పట్టేవి కాదు, వాడికని వేరే చేయించారు. ఉక్కుమిల్లు వెనకాల కొండమీద వాళ్లిల్లు, కింద మాది. వాళ్లమ్మ క్యాబేజీ వేసి నూడుల్స్ చేసేది, వెన్న కారిపోతూ ఉండేది. ఆ వాసన పట్టుకునే మా చెల్లెలు డోలొరెస్ కొండెక్కిందని మా నాన్న ఏడిపించేవాడు. అదే, మీ నాయనమ్మ. అలా వాడు నాకు బావయ్యాడు. ఒకే ఫుట్‌బాల్ టీమ్‌లోకి ఎలా పోయామంటావా? నన్ను ముందు తీసుకున్నారు. రెండేళ్లకి ఫుల్‌బ్యాక్ కావాలన్నారు. మా బావ ఉన్నాడు, కాలేజీలో నా ముందు పరిగెత్తేవాడు వాడేనని కోచ్‌కి నేనే చెప్పా. ఆ ముక్క గుర్తుపెట్టుకో, చెప్పింది నేనే.

ఫుల్‌బ్యాక్ పనంటే ఏముంది, మన అమెరికా ఫుట్‌బాల్లో బంతి చేత్తో పట్టుకునే పరిగెత్తాలి కదా, అది నా చేతిలో ఉంటుంది, వాడు నాకు మూడడుగుల ముందు. నామీదికి ఎవడొస్తే వాణ్ణి పోయి గుద్దాలి. తలతో, భుజంతో, ఏది ముందు తగిలితే దాంతో. గుద్దితే సందు వస్తుంది, ఆ సందులోంచి నేను పోతా, జనం నా పేరు అరుస్తారు. ఎనిమిదేళ్లలో వాడి చేతికి బంతి ఎన్నిసార్లు ఇచ్చారో వేళ్లమీద లెక్కెట్టొచ్చు. వాడికి దాని బాధ లేదు. "బావా, నీ వెనకాల పరిగెత్తడం ఎవడైనా చేస్తాడు, ముందు పరిగెత్తమను చూద్దాం," అనేవాడు. ప్రతి ఆటకీ ముందు వాంతి చేసుకునేవాడు, పాపం. మూతి తుడుచుకుని నా చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి వదిలేవాడు. అది మామూలు భయం, అందరికీ ఉంటుంది. తర్వాత పట్టుకున్న భయం అది కాదు.

ఆరో ఏడు. అక్టోబర్ అనుకుంటా, కాదు, ఆకులు రాలిపోయాయి, నవంబరే. ఆట మధ్యలో అందరం గుమిగూడి తలలు దగ్గరపెట్టాం, ఎటు పోవాలో చెప్పారు, విడిపోయాం. వాడు నా దగ్గరికొచ్చి మెల్లగా, "బావా, ఎటు?" అన్నాడు. ఇప్పుడేగా చెప్పారన్నా. "తెలుసు. ఎటు?" అన్నాడు. కళ్లు చూశా తల్లీ. బజార్లో తప్పిపోయిన పసిపిల్లాడి కళ్లు. నేనేం చేశా? వాడి ఎడం నడుంమీద వేలితో తట్టా. వాడు ఎడమకి పోయాడు, ఎవణ్ణో పడగొట్టాడు, నేను పదిహేను గజాలు పోయా. ఆ రోజునుంచీ అదే పని. ఎడమకైతే ఎడం నడుం, కుడికైతే కుడి నడుం. రెండేళ్లకి పైనే. ఎవరికీ తెలీదు. నేను బాగా ఆడిన ఏళ్లేవని ఎవర్నడిగినా ఆ రెండేళ్లే చెబుతారు.

డాక్టరు చూళ్లేదా అంటే చూశాడు. వేళ్లు చూపించి ఎన్ని అనేవాడు, వీడు మూడనేవాడు, ఎప్పుడూ మూడే చూపించేవాడు మరి. కోచ్ ఒకసారి నన్ను పక్కకి పిలిచాడు. "మిలో, నీ ముందువాడు సరిగ్గానే ఉన్నాడా?" అన్నాడు. బాగానే ఉన్నాడన్నా. ఆ వారమే ఎమిల్, నేను కారులో వస్తుంటే, వాడు వంతెనమీద బండి ఆపేసి, వెనక హారన్లు మోగుతుంటే, "ఇది ఏ ఊరు?" అనడిగాడు. వాడు పుట్టిన ఊరు. అయినా బాగానే ఉన్నాడన్నా.

డోలొరెస్ వచ్చింది నా దగ్గరికి. మా వంటింట్లో, కోటు కూడా విప్పకుండా నిలబడింది. "అన్నయ్యా, నిన్న వీడు మార్టిన్‌ని చూసి, ఎవడే ఈ పిల్లాడు, మనింట్లోకి ఎలా వచ్చాడన్నాడు. పిల్లాడి చెయ్యి పట్టుకున్నాడు. వదలమంటే వదల్లేదు. నాకు భయంగా ఉంది, కోచ్‌తో నువ్వు చెప్పు, నేను చెబితే వినరు," అంది. మార్టిన్ అంటే మీ నాన్నే, నాలుగేళ్లు. ఈ సీజన్ అయిపోనీ అమ్మా అన్నా. అది తలుపు మెల్లగానే వేసుకుని పోయింది.

డిసెంబర్లో, మంచు పడుతోంది. కుడి నడుం తట్టా. వాడు కుడికే పోయాడు, ఇద్దరు ఎదురొచ్చారు, చప్పుడు నాకు పళ్లలో వినిపించింది. వాడు లేచాడు. లేచి ఇటు తిరిగాడు. బంతి ఇంకా నా చేతిలోనే ఉంది. నన్ను చూశాడు తల్లీ, నేనెవరో వాడికి తెలీదు. తల వంచాడు. వాడు తల వంచడం వెనకనుంచి ఎన్ని వందలసార్లు చూశానో, ఎదురుగా చూడ్డం అదే మొదటిసారి. ఎదురుగా వచ్చేవాళ్లకి ఇలా ఉంటుందా అనుకున్నా. బంతి వదిలేసి గీత అవతలికి పరిగెత్తా. వెంటపడ్డాడు. జనం నవ్వారు, ఏదో వేళాకోళం అనుకుని. నలుగురు పట్టుకుని కింద పడేస్తే, కిందనుంచి, "మా బావ ఏడీ? మా బావకి దెబ్బ తగిలిందా?" అని నన్నే అడుగుతున్నాడు.

అంతే, గుద్దీ గుద్దీ తల చెడిందని ఇంటికి పంపేశారు. డోలొరెస్ పిల్లాణ్ణి తీసుకుని వెళ్లిపోయిందని ఊరంతా దాన్ని తిట్టింది. మీ నాన్నేమో, వాళ్ల నాన్నే గెంటేశాడనుకున్నాడు. రెండూ కాదు. తెలివి తేటగా ఉన్న రోజు చూసి వాడే దాన్ని కూర్చోబెట్టి చెప్పాడు. "పిల్లాడి చెయ్యి నేను పట్టుకున్నానటగా. నాకు గుర్తు లేదు. గుర్తులేనిది మళ్లీ చెయ్యనని నేనెలా చెప్పను? తీసుకుపో. ఎందుకో వాడికి చెప్పకు, చెబితే జాలిపడి తిరిగొస్తాడు," అన్నాడు. అది ఒట్టు వేసింది, పోయేదాకా నిలబెట్టుకుంది. వాడు కొండమీద వాళ్లమ్మ దగ్గర పదకొండేళ్లు బతికాడు. గదికి బయటినుంచి గొళ్లెం పెట్టమని వాడే అడిగేవాడు. లోపల కూర్చుని ఆవిడతో చక్కగా కబుర్లు చెప్పేవాడు, తలుపుకి ఇటు ఆవిడ, అటు వాడు. యాభై కూడా నిండలేదు.

నేనా? వెళ్లేవాణ్ణి. మొదట్లో. తర్వాత... వాడికి నేను గుర్తున్న రోజులే నాకు ఎక్కువ భయంగా ఉండేవి.

ఏంటీ? మీ నాన్నకా? లేదు, చెప్పలేదు. నంబరుంది నా దగ్గర, ఎన్నేళ్లనుంచో ఉంది. నువ్వా? నువ్వు చెప్పకు, నేనే చెప్పాలి. చెల్లెలు వచ్చి అడిగిందని, నేను కాదన్నానని. ఇప్పుడే అంటావా. ఇవాళ ఆదివారం కదూ, ఇంట్లోనే ఉంటాడు కదూ.

కాఫీ చల్లారిపోయినట్టుంది. ఆ కప్పు ఇటివ్వు, వేడి చేసుకొస్తా.