ఇద్దరిదీ ఒకే కేబుల్

ఒకే గది, ఎదురెదురుగా రెండు బల్లలు. ఒకదాని ముందు ఫొటో ఆల్బమ్‌లు చేసే పెద్ద కోడలు, రెండోదాని ముందు వీడియోలు కూర్చే చిన్న కోడలు. మూల అల్మారాలో ఇద్దరి ఫైళ్లూ దాచే సర్వర్. దాని ముందు మోకాళ్ల మీద మరిది.

"ఏమయ్యా మరిదీ, సర్వర్‌కి రెండో కేబుల్ కూడా బిగించానన్నావు. నా ఫొటోలు ఇంకా నత్తనడకే నడుస్తున్నాయేం?"

"అదే చూస్తున్నా పెద్దొదినా. కొంచెం ఓపిక పట్టండి."

"ఓపికా? ఆవిడకెక్కడిది? నా వీడియో కూడా కదలట్లేదని ఆవిడకి చెప్పు."

"చిన్నొదినా, మధ్యలో మూడడుగులు కూడా లేదు. మీరే చెప్పొచ్చుగా?"

"మేం మాట్లాడుకోవట్లేదు."

"మేం మాట్లాడుకోవట్లేదు."

"ఆ ముక్క మాత్రం ఇద్దరూ కలిసే అన్నారు, శభాష్! పది రోజుల్నుంచీ ఇదే వరస. అన్నయ్యలిద్దరూ తప్పించుకుని, నన్ను అడకత్తెరలో పోకచెక్కని చేసి ఇక్కడ కూర్చోబెట్టారు."

"నన్నంటావేం? నేను ఫొటోలు తెరిచినప్పుడల్లా సరిగ్గా అప్పుడే ఆవిడగారు వీడియో మొదలుపెడుతుంది. ఇంక నావి తెరుచుకుంటేనా? ఇదేంటమ్మా అని ఒక్కమాట అడిగినందుకు వేరు కుంపటి పెట్టుకుంటానంది."

"కుంపటి కాదు, గది. మందుల షాపు పైన ఖాళీగా ఉంది, చూసొచ్చాను. సాయంత్రంలోగా ఔనో కాదో చెప్పాలి వాళ్లకి. ఇవాళ ఇది బాగుపడకపోతే నా ఫైళ్లు పట్టుకుని వెళ్లిపోతానని చెప్పు ఆవిడకి."

"వెళ్లమను. ఎవరు కాళ్లు పట్టుకున్నారు? ఆరేళ్ల కిందట ఇద్దరం కలిసి మొదలుపెట్టాం. వెళ్లేవాళ్లు వెళ్తారు."

"అబ్బబ్బ, ఆగండొదినా... దొరికింది! దొరికేసింది!"

"ఏంటి దొరికింది?"

"కేబుళ్లు రెండూ కలిపి ఒకే దారిలా కట్టాను, బానే ఉంది. కానీ ఒకళ్ల పని రెండింట్లోనూ సగం సగం పోదు. ఎవరిది వాళ్లకి ఒక్క కేబులే. ఎవరికేదన్నది సర్వర్‌తో కలపడానికి మీ కంప్యూటర్‌కిచ్చిన నంబర్‌ని బట్టి ఉంటుంది. సరిసంఖ్య అయితే పై కేబుల్, బేసిసంఖ్య అయితే కింది కేబుల్."

"అయితే ఏంటంట?"

"మీ నంబర్ పద్నాలుగు, చిన్నొదినది పదహారు. రెండూ సరిసంఖ్యలే. ఇద్దరూ పై కేబుల్ మీద పడి కొట్టుకుంటున్నారు. కిందిది పనీపాటా లేక గోళ్లు గిల్లుకుంటోంది."

"దానికింత రాద్ధాంతమా? నంబర్ మార్చెయ్."

"ఎవరిది చిన్నొదినా?"

"ఆవిడది."

"నాది కాదు, దానిది."

"నేనైతే చెయ్యి పెట్టను తల్లీ. ఎవరిది మార్చినా రెండోవాళ్ల పక్షమంటారు. మీలో ఒక్కరు, మీ కంప్యూటర్‌లో మీరే, నంబర్‌కి ఒకటి కలపండి. పద్నాలుగుని పదిహేను చెయ్యండి, లేదా పదహారుని పదిహేడు చెయ్యండి. చిటికెలో పని."

"చిటికెనా? నంబర్ మారిస్తే నా ప్రింటర్ ఊడిపోతుంది. దాన్ని మళ్లీ కలపడానికి పోయినసారి పూటంతా పట్టింది. అయినా పెద్దదాన్ని, నేనెందుకు మార్చుకోవాలి?"

"పెద్దరికం సర్వర్‌కి తెలీదని చెప్పు. నా వీడియో పొద్దుట్నుంచి తయారవుతోంది. ఇప్పుడు నంబర్ ముట్టుకుంటే అంతా ఆగిపోయి మళ్లీ మొదటికొస్తుంది. ససేమిరా మార్చను."

"ఒక్క పూట పని ఎక్కువా, ఆరేళ్ల పొత్తు ఎక్కువా చిన్నొదినా?"

"ఆ మాట ఆవిణ్ణడుగు."

"పెద్దొదినా?"

"నాకు వినపడలేదు."

"వినపడదులెండి. సరే, నేను వెళ్లి భోంచేసొస్తా. ఈలోగా మీలో ఎవరికైనా బుద్ధి... అదే, దయ పుడితే మార్చండి."

"గిన్నెలన్నీ ఊడ్చెయ్యకు. మేమింకా తినలేదు."

"మేమా? వింటున్నారా చిన్నొదినా, 'మేము' అంటున్నారు!"

"నోర్మూసుకుని పోతావా, పోవా?"

(భోజనం అయ్యాక.)

"వచ్చేశా. ఎవరైనా మార్చారా?"

"నాకేం తెలుసయ్యా? నా ఫొటోలేవో నేను చూసుకుంటున్నా."

"నాకసలే తెలీదు. నేను గోడ చూస్తున్నా."

"గోడ చూస్తున్నారా చిన్నొదినా? బావుంది. సరే, ఇద్దరూ ఒకేసారి ఫైళ్లు తెరవండి. నేను కేబుళ్ల దగ్గర దీపాలు చూస్తా... ఆహా! కింది దీపం మినుక్కుమంటోంది! ఇంతవరకూ ఉలుకూ పలుకూ లేనిది! ఎవరో ఒకరు దిగొచ్చారు. ఎవరమ్మా ఆ పుణ్యాత్మురాలు?"

"పుణ్యం సంగతి తర్వాత. నా ఫొటోలు ఇంకా అక్కడే ఉన్నాయి."

"నా ఫైలూ తెరుచుకోవట్లేదు."

"అదేంటి? ఉండండుండండి... పై దీపం ఆగిపోయిందే! ఇందాకటిదాకా గంతులేసింది కదా? ఏదీ, నంబర్లు చూడనివ్వండి. పెద్దొదిన... పదిహేను."

"పొరపాట్న ఎక్కడో చెయ్యి తగిలుంటుంది."

"చిన్నొదిన... పదిహేడు. దేవుడా! ఇద్దరూ మార్చేశారు! రెండూ బేసిసంఖ్యలే. మళ్లీ ఇద్దరూ కలిసి ఒకే కేబుల్ మీద పడ్డారు!"

"ఏమే, నీ వీడియో ఆపేశావా?"

"మీ ప్రింటర్ ఊడిపోయిందా అక్కా?"

"పోతే పోయింది దిక్కుమాలింది. పొద్దుట్నుంచి నడుస్తున్నదాన్ని ఎందుకాపావే పిచ్చిమొహమా?"

"మరేం చెయ్యను? ఆ గదిలో ఒక్కదాన్నీ కూర్చుని ఎవరితో పోట్లాడను? తలుచుకుంటేనే ఏడుపొచ్చింది."

"నాకు మాత్రం? ఎదుటి బల్ల ఖాళీ అవుతుందనుకునేసరికి గుండె చెరువైపోయింది. మరి ఆ గది వాళ్లకేం చెప్తావు?"

"వద్దని చెప్పేశా. మన మరిది అన్నం తింటుండగానే."

"బావుంది, బావుంది. కళ్లు తుడుచుకోండి ఇద్దరూ. ఇప్పుడు మీలో ఒక్కరు, మళ్లీ చెబుతున్నా, ఒక్కరంటే ఒక్కరే, వెనక్కి పాత నంబర్‌కి..."

"నేను మార్చుకుంటాలే, పెద్దదాన్ని."

"వద్దక్కా, నేను మార్చేశా."

"అయ్యో, నేనూ నొక్కేశానే!"