పది నలభైకి సైరన్ ఎవరు ఆపినారు

హలో… ఆ, నేనే బావగారూ, హేమని. కంట్రోల్ రూమ్‌లోనే ఉన్నాను… లేదు, ఒక్కదాన్నే.

ముసలయ్య మామకి ఎలాగుంది? ఆసుపత్రి నుంచి ఫోనొచ్చిందా?…

అయ్యో. మణికట్టు దాకా తీసీసినారా?… ఆ కన్వేయర్ బెల్టు కింద చెయ్యి పడితే ఇంకేటి మిగులుద్ది… భుయ్యాడీహ్‌లో వాళ్ళింటికెళ్ళి అసిరమ్మత్తకి చెప్పినారా?…

ఆ, చూత్తన్నాను. సేఫ్టీ సార్ రెండింటికి వత్తానన్నారు. బెల్టు కదిలేముందు సైరన్ మోగిందా లేదా, అదొక్కటే కావాలంట ఆయనకి.

స్టేటస్ కమాండ్ కొట్టినాను. సైరన్ "రన్నింగ్" అనే చూపిత్తంది…

ఇప్పుడు బాగుంటే చాలదు కదండీ. పొద్దుటి లాగ్ తీత్తన్నాను. ఏ నిమిషానికి ఏటి జరిగిందో అన్నీ అందులో—

ఎందుకండీ వద్దు?…

వచ్చీసింది. పది నలభైకి సైరన్ ఆగింది. పది నలభై ఏడుకి బెల్టు మొదలైంది. పదకొండుకి మళ్ళీ సైరన్ ఆన్… అంటే మామ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని సైరన్ వినలేదని అంటన్నది అబద్ధం. అసలు మోగనేలేదు.

పాడవలేదండి. ఎవరో ఆపినారు. పేరు కూడా ఉంది…

హేమ అని ఉంది.

నా లాగినే బావగారూ… పది నలభైకి నేనెక్కడున్నాను? మా పాప యోగిత స్కూల్లో, పేరెంట్స్ మీటింగ్‌లో. ఛుట్టీ ఇచ్చింది మీరే కదా.

నా పాస్‌వర్డ్ ఇంకెవరి దగ్గరుంది?…

ఏ కంప్యూటర్‌లోంచి చేసినారో అదీ చూపిత్తంది ఇది. మీ కేబిన్‌దే.

మీరే ఆపినారా?…

తెలుసు. సైరన్ ఊరికే మోగిపోతంది, మోగినప్పుడల్లా పని ఆగిపోతంది, పైవాళ్ళు మిమ్మల్ని తిడతన్నారు… తెలుసండీ. కావాలని చేసినారని నేననట్లేదు.

ఏటి?… ఆ మూడు లైన్లూ తీసీమంటారా?

…చెరపడం వచ్చు. రెండు నిమిషాల పని.

మరి ముసలయ్య మామ?… చెయ్యి పోయింది, పైన తప్పు కూడా ఆయనే మొయ్యాలా?

ఇది బావగారిగా అడుగుతన్నారా, సూపర్‌వైజర్‌గా అడుగుతన్నారా?…

మహేష్‌కి చెప్తారా? నాకు మొగుడైనా మీకు తమ్ముడే కదా, చెప్పండి… అలా ఏడవకండి బావగారూ. నాకు మాత్రం వేరే తోవుందేటి? సాయంత్రం గోవింద్‌పూర్‌లో మనందరి ఇంటికే రావాల. తోటికోడల్ని కదా, శ్రీదేవక్క పక్కనే కూర్చుని అన్నం తినాల. చెరిపితే మామకి అన్యాయం. చెరపకపోతే అందరికీ ముందు కనిపించేది నా పేరే…

లేదు. చెరపను.

పాస్‌వర్డ్ మీకిచ్చింది నేనే. ఇవ్వకూడదని తెలిసీ ఇచ్చినాను. రిపోర్టులో అదీ రాసీత్తాను… మీరు చేసింది మీరొచ్చి చెప్పుకోండి. సార్ వచ్చీ ముందు ఐదు నిమిషాలుంది ఇంకా…

హలో?… హలో?

ఇదేటి, ఏం కొట్టినా "పర్మిషన్ లేదు" అంతంది… నా లాగిన్ తీసీసినారా? నాతో మాట్లాడతానే?

…ఇంతదాకా వచ్చినారా బావగారూ.

లాగ్ ప్రింటు నా చేతిలోనే ఉంది. మీరు చెరపమనకముందే తీసీసినాను… అరవకండి. తలుపు తీత్తన్నారు ఎవరో.

నమస్తే సార్… హాఁ సార్, రిపోర్ట్ రెడీ హై. బైఠియే, కుర్సీ పే.

…బావగారూ, సేఫ్టీ సార్ వచ్చీసినారు. ఫోన్ ఆయనకిత్తాను. మీరే చెప్తారా, నన్ను చెప్పమంటారా?…

బావగారూ?…

ఫోన్ పెట్టీసినారు.